మేడ మీద యాంటెన్నా ఉన్నా నిలవని నెట్: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఫైబర్ వైరు చేరని ఇళ్లు ఇంకా ఉన్నాయి. కొండవాలు కాలనీలు, ఊరి చివరి లేఔట్లు, భీమిలి రోడ్డు పక్కన కొత్తగా కట్టుకున్న ఇళ్లు, పెందుర్తి అవతల తోటల్లోని షెడ్లు. అలాంటి చోట్ల నెట్ గాల్లోంచే రావాలి. దానికి మేడ మీద 4జీ, 5జీ యాంటెన్నా గానీ, గాల్లోంచి ఇంటికి నెట్ ఇచ్చే ఎయిర్‌ఫైబర్ పెట్టె గానీ, రెండు భవనాల మధ్య 5 గిగాహెర్ట్జ్ లింకు గానీ పెట్టుకుంటారు. ఏది పెట్టుకున్నా ఫిర్యాదు మాత్రం ఒకటే: నెట్ వస్తుంది, పోతుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, "ఇంకా పెద్ద యాంటెన్నా కొంటే సరిపోతుందా?" చాలా ఇళ్లలో సరిపోదు. సిగ్నల్ తక్కువగా ఉండడం వేరు, నిలకడగా లేకపోవడం వేరు. నిలకడ లేనప్పుడు డబ్బు పెట్టేముందు అది ఎప్పుడు పోతోందో, పోయినప్పుడు ఏ అంకె మారుతోందో చూడాలి. కింది జవాబులన్నీ ఆ దారిలోనే ఉంటాయి.

నెట్ ఆగి ఆగి వస్తోంది. తప్పు యాంటెన్నాదేనని ఎలా తెలుస్తుంది?

ముందు వైఫైని పక్కన పెట్టండి. ల్యాప్‌టాప్‌ను రౌటర్‌కు లాన్ వైరుతో కలిపి చూడండి. ఇబ్బంది పోతే, అది మేడ మీద లేదు, ఇంట్లోని వైఫైలో ఉంది. మేడ ఎక్కాల్సిన పనే లేదు.

వైరుతో కూడా ఆగుతుంటే మూడు పింగ్ విండోలు ఒకేసారి తెరవండి (పింగ్ అంటే ఒక అడ్రసును పలకరించి జవాబు వస్తోందో లేదో చూసే కంప్యూటర్ ఆదేశం). ఒకటి ఇంట్లోని రౌటర్‌కు, రెండోది మేడ మీది పరికరానికి, మూడోది 8.8.8.8 లాంటి బయటి అడ్రసుకు. ఆగినప్పుడు ఏ విండో ముందు ఆగిందో చూస్తే తప్పు ఏ ముక్కలో ఉందో తెలిసిపోతుంది. మేడ మీది పరికరమే పలకకపోతే అది వైరు సమస్య లేదా కరెంటు సమస్య. అది పలుకుతూ బయటి అడ్రసు మాత్రమే ఆగితే అప్పుడు రేడియో సంగతి చూడాలి.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. పరికరం పేజీలో (బ్రౌజర్‌లో తెరుచుకునే దాని సెట్టింగుల పేజీలో) 'అప్‌టైమ్', అంటే అది వెలిగి ఎంతసేపైందో చూడండి. నెట్ పోయిన ప్రతిసారీ అది సున్నా నుంచి మొదలవుతుంటే పరికరం ఆరిపోయి వెలుగుతోందన్నమాట. పీఓఈ అడాప్టర్ (లాన్ వైరులోనే కరెంటు పంపేది) బలహీనపడి ఉండవచ్చు, వైరు చివర తుప్పు పట్టి ఉండవచ్చు. అడాప్టర్ మార్చేటప్పుడు వోల్టేజీ చూసి కొనండి. 24 వోల్టులది, 48 వోల్టులది బయటికి ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని బదులు ఒకటి పెట్టకూడదు.

ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తున్నాయి. అయినా నెట్ ఎందుకు నత్తనడక నడుస్తోంది?

గీతలు చెప్పేది సిగ్నల్ బలం గురించి మాత్రమే. ఆ సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో అవి చెప్పవు. రౌటర్ పేజీలో రెండు అంకెలు వెతకండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనేది బలం. మైనస్ 80 దగ్గర ఉంటే బాగుంది, మైనస్ 100 దాటితే బలహీనం, మైనస్ 110 దగ్గర కనెక్షన్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఎస్‌ఐఎన్‌ఆర్ అనేది శుభ్రత. 20 ఉంటే చాలా బాగుంది, 10 అటూ ఇటూ ఉంటే పని నడుస్తుంది, సున్నా దగ్గరికి వస్తే బలం ఎంత ఉన్నా లాభం లేదు.

మన ఊళ్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకమే. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార లాంటి చోట్ల బలం ధారాళంగా ఉంటుంది. కానీ నాలుగైదు టవర్లు ఒకేసారి వినిపిస్తాయి, వాటి మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ కావలసింది ఒక్క టవర్ వైపే చెవి పెట్టి మిగతావాటిని వదిలేసే యాంటెన్నా. అన్ని దిక్కులా వినే గొట్టం యాంటెన్నాను ఇంకా ఎత్తులో పెడితే గోల ఇంకా పెరుగుతుంది.

యాంటెన్నాను టవర్ వైపే తిప్పాను. ఇంకేం చేయాలి?

కంటికి కనిపించే టవర్ మీ కంపెనీదే కానక్కరలేదు, మీ పరికరం పట్టుకున్నది కూడా దాన్నే కానక్కరలేదు. ఫోన్ కంపాస్‌ను కూడా మేడ మీద పూర్తిగా నమ్మకండి. స్లాబు మీద నిలబెట్టి వదిలేసిన ఇనుప చువ్వలు, ట్యాంకు స్టాండు దాని ముల్లును పక్కకు లాగుతాయి. కైలాసగిరి, సింహాచలం కొండ, డాల్ఫిన్స్ నోస్ లాంటి గుర్తులను పట్టుకుని మ్యాప్‌లో దిక్కు చూసుకోవడం మేలు.

తర్వాత అసలు పని. ఒకరు మేడ మీద, ఒకరు రౌటర్ పేజీ ముందు. యాంటెన్నాను కొంచెం తిప్పి, అంకె స్థిరపడేదాకా అరనిమిషం ఆగండి. రౌటర్ చూపించే అంకె వెంటనే మారదు, ఆలస్యంగా మారుతుంది. తొందరపడి తిప్పుతూ పోతే మంచి చోటును దాటిపోయిన సంగతి కూడా తెలియదు. చుట్టూ ఒక పూర్తి తిరుగుడు తిరిగాకే నిర్ణయం తీసుకోండి. ఒక్కోసారి టవర్ వైపు కంటే, ఎదురు కొండ నుంచో పెద్ద భవనం నుంచో తిరిగివచ్చే సిగ్నల్ శుభ్రంగా ఉంటుంది. ఆరిలోవ, హనుమంతవాక లాంటి కొండ పక్క చోట్ల ఇది చూసి ఆశ్చర్యపోనక్కరలేదు. ఎస్‌ఐఎన్‌ఆర్ ఎక్కువగా ఉన్న దిక్కే మీ దిక్కు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ కాస్త తగ్గినా పర్వాలేదు.

రెండు వైర్లున్న 4జీ యాంటెన్నా అయితే లోపలి రెండు కడ్డీలు ఒకటి ఇటు 45 డిగ్రీలు, ఒకటి అటు 45 డిగ్రీలు వాలి ఉండాలి. రెండూ ఒకే వైపు వాలితే రెండో వైరు ఉండీ లేనట్టే.

పదో అంతస్తులో ఉంటున్నాం. పైకి వెళ్లేకొద్దీ సిగ్నల్ బాగుండాలి కదా?

ఉండాలని లేదు. టవర్ మీది యాంటెన్నాలు కింది వీధుల వైపు కొంచెం వంగి ఉంటాయి. మధురవాడ, ఎండాడ వైపు లేచిన ఎత్తైన అపార్ట్‌మెంట్లలో పై అంతస్తులకు దగ్గరి టవర్ సిగ్నల్ అంచు మాత్రమే తగులుతుంది, దూరపు టవర్లన్నీ మాత్రం చక్కగా వినిపిస్తాయి. పరికరం ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతుంటుంది, ఆ గెంతు సమయంలోనే వీడియో కాల్ తెగుతుంది. పైకప్పు మీద కాకుండా, టవర్ వైపు ఉన్న బాల్కనీలో నాలుగైదు అంతస్తులు కింద పెడితే కుదురుకున్న ఇళ్లున్నాయి. భవనమే వెనకవైపు టవర్లకు అడ్డుగోడ అవుతుంది. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి ఒకసారి ప్రయత్నించండి.

అవతలి భవనం కళ్లకు స్పష్టంగా కనిపిస్తోంది. అయినా 5 గిగాహెర్ట్జ్ లింకు బలహీనంగా ఉంది. ఎందుకు?

కంటికి సన్నని గీత చాలు, రేడియోకు చాలదు. రెండు డిష్‌ల మధ్య సిగ్నల్ దొండకాయ ఆకారంలో, మధ్యలో లావుగా ప్రయాణిస్తుంది. 4 కిలోమీటర్ల లింకుకు 5.8 గిగాహెర్ట్జ్‌లో ఆ లావు మధ్యలో ఇరుసు నుంచి సుమారు 7 మీటర్లు ఉంటుంది. అందులో కనీసం 60 శాతం, అంటే నాలుగు మీటర్ల పైచిలుకు ఖాళీగా ఉండాలి. దారి మధ్యలో కొబ్బరిచెట్టు తల దానిలోకి వచ్చినా, కొత్త అపార్ట్‌మెంట్ స్లాబు కింది అంచును తాకినా, మీకు అవతలి డిష్ కనిపిస్తూనే ఉంటుంది, లింకు మాత్రం నలుగుతుంది. నిరుడు బాగా నడిచిన లింకు ఈ ఏడు కుంటుతుంటే ముందు దారిలో ఏం లేచిందో చూసిరండి.

రెండో కారణం డిష్‌ను పక్క కిరణం మీద బిగించడం. ఏ డిష్‌కైనా నడిమి కిరణంతో పాటు పక్కల చిన్న కిరణాలుంటాయి. తిప్పుతుంటే అంకె ఒకచోట పెరిగి తగ్గుతుంది, అదే శిఖరం అనుకుని బిగించేస్తారు. అసలు శిఖరం పది డిగ్రీల అవతల ఉంటుంది. ఇది తేల్చుకోవడానికి లెక్క ఉంది. 5.8 గిగాహెర్ట్జ్‌లో 4 కిలోమీటర్ల ఖాళీ దారిలో పోయేది సుమారు 120 డెసిబెల్స్ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత). పరికరం 20 డీబీఎం (డెసిబెల్స్‌లో చెప్పే శక్తి) బలంతో పంపుతూ, రెండు వైపులా 23 డెసిబెల్స్ యాంటెన్నాలుంటే, 20, 23, 23 కలిపి 120 తీసేయండి. మైనస్ 54 రావాలి. మీకు మైనస్ 58 వస్తే సంతోషించండి. మైనస్ 74 వస్తుంటే ఆ 20 డెసిబెల్స్ ఎక్కడికో పోతున్నాయి. పక్క కిరణమో, దారిలో అడ్డమో, ఒకవైపు డిష్ నిలువుగా ఇంకోవైపు అడ్డంగా ఉండడమో కారణం. ఆ మూడూ చూడకుండా పవర్ పెంచడం శుద్ధ దండగ.

శిఖరం దొరికాక కూడా నట్లు బిగించేటప్పుడు అంకె చూస్తూనే ఉండండి. ఒక నట్టు పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే డిష్ పక్కకు జరుగుతుంది. అటొక చుట్టు, ఇటొక చుట్టు బిగించాలి. 60 సెంటీమీటర్ల డిష్ కిరణం వెడల్పు ఆరు డిగ్రీల దగ్గర ఉంటుంది, తప్పుకు చోటు తక్కువ.

రుషికొండ నుంచి భీమిలి వైపు తీరం వెంబడి లింకు పెట్టాం. రోజూ కొంతసేపు పడిపోతుంది, కానీ ఒకే టైముకు కాదు. ఏమిటిది?

విశాఖలో వచ్చే ప్రశ్నలన్నింటిలో ఇది నాకు బాగా ఇష్టమైనది, ఎందుకంటే జవాబు సముద్రంలోనే ఉంది. నీటి మీదుగా వెళ్లే సిగ్నల్ రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి నేరుగా, ఒకటి నీటి మీద పడి లేచి. రెండూ జత కలిస్తే బలం, ఎదురెదురైతే నష్టం. రెండువైపులా యాంటెన్నాలు నీటికి 15 మీటర్ల ఎత్తులో, మధ్య దూరం 4 కిలోమీటర్లు అనుకుందాం. రెండు దారుల పొడవుల తేడా సుమారు 11 సెంటీమీటర్లు. పోటు వచ్చి నీరు మీటరున్నర పెరిగితే ఆ తేడా 9 సెంటీమీటర్లకు దిగుతుంది. మారింది రెండు సెంటీమీటర్లే. కానీ 5.8 గిగాహెర్ట్జ్ తరంగం పొడవే 5 సెంటీమీటర్లు కాబట్టి, జత కలిసి వస్తున్నవి దాదాపు ఎదురెదురుగా మారడానికి ఆ రెండు చాలు.

గుర్తుపట్టడం సులువు. బంగాళాఖాతంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతుంది. మీ లింకు పడే సమయం కూడా అలాగే జరుగుతుంటే కారణం అదే. వారంపాటు సమయాలు రాసి, పోటు పట్టిక పక్కన పెట్టి చూడండి. తీరంలో వేటకు వెళ్లే వాళ్లను అడిగినా ఏ పూట పోటో చెప్తారు.

మందు ఏమిటంటే, నీటి మీద పడి వచ్చే దారిని మూసేయడం. యాంటెన్నాను మేడ అంచు నుంచి వెనక్కి జరిపి, పిట్టగోడ నడిమి సముద్రాన్ని కప్పేలా, అవతలి డిష్ మాత్రం కనిపించేలా చూసుకోండి. కుదరకపోతే ఒకవైపు ఎత్తును మీటరో రెండు మీటర్లో మార్చి, మళ్లీ వారం గమనించండి. డిష్‌ను కాస్త పైకి ఎత్తి, నేరు సిగ్నల్ రెండు డెసిబెల్స్ పోయినా సరే అనుకోవడం కూడా ఒక మార్గం. ఇక్కడ ఎక్కువ ఎత్తు అన్నది మందు కాదు, ఒక్కోసారి అదే రోగం.

వేసవిలో గాలి స్తంభించిన రాత్రుల్లో వచ్చే తంటా వేరు. సముద్రం మీది తేమగాలి పైన వేడి పొడిగాలి పొర పరుచుకున్నప్పుడు సిగ్నల్ దారి వంగుతుంది. మీది పక్కకు పోవచ్చు, ఎక్కడో దూరాన ఉన్నది వచ్చి మీ మీద పడవచ్చు. దీన్ని ఆపలేం. లింకును పొట్టిగా పెట్టుకోవడం, అవసరానికి మించి 15, 20 డెసిబెల్స్ మిగులు ఉంచుకోవడం, అంతే.

వాన పడితే చాలు, నెట్ పోతోంది. వాన సిగ్నల్‌ను తినేస్తుందా?

6 గిగాహెర్ట్జ్ లోపు, నాలుగైదు కిలోమీటర్ల దూరాలకు వాన చినుకులు చేసే నష్టం లెక్కలోకి రాదు. వాన పేరు చెప్పి నష్టం చేసేవి వేరే రెండున్నాయి. ఒకటి తడిసిన ఆకులు. దారిలో చెట్టు ఉంటే, ఎండలో ఊరుకున్న చెట్టు వానలో గోడ అవుతుంది.

రెండోది, ఎక్కువగా జరిగేది, కనెక్టర్‌లోకి నీరు దిగడం. దీని గుర్తు స్పష్టంగా ఉంటుంది. వాన తగ్గగానే నెట్ బాగుపడదు, ఎండ కాశాక గంటో రెండు గంటలో గడిచి బాగుపడుతుంది. ప్రతి వానకూ కొంచెం ఎక్కువసేపు పోతుంది. అలా కనిపిస్తే కనెక్టర్ విప్పి చూడండి. లోపల ఆకుపచ్చగా, తెల్లగా పొడి ఉంటే దాన్ని తుడిచి పెట్టడం వల్ల లాభం లేదు, కోసి కొత్తది వేయాలి. నీరు వైరు లోపలి తీగల జడలోకి పాకి ఉంటే ఆ వైరు కూడా మార్చాల్సిందే.

కొత్తగా కట్టేటప్పుడు తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీసి, కింద నుంచి పైకి చుట్టండి, పై మడత కింది మడతను కప్పాలి. దాని మీద మామూలు పీవీసీ టేపు, ఎండకు రబ్బరు చెడకుండా. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం కనెక్టర్ల దగ్గర వాడకండి, అది రాగిని తింటుంది. వైరు ఇంట్లోకి దూరే చోటుకు ముందు కిందికి ఒక వంపు వదిలితే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

బీచ్ రోడ్డు దగ్గర ఇల్లు. క్లాంపులు ఏడాదికే తుప్పు పడుతున్నాయి.

ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు. సముద్రానికి దగ్గరగా ఉంటే 316 రకం స్టెయిన్‌లెస్ నట్లు, బోల్టులు అడిగి తీసుకోండి. దుకాణాల్లో ఎక్కువగా దొరికే 304 కూడా ఇక్కడ మచ్చలు పడుతుంది. స్తంభానికి మందమైన జింకు పూత ఉన్న జీఐ పైపు తీసుకోండి, కోసిన చివరలకు, రంధ్రాలకు జింకు పెయింట్ వేయండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. మొదటి తొలకరికి ముందొకసారి, అక్టోబరుకు ముందొకసారి నట్లన్నీ పట్టి చూడండి.

వైరు ఎంత పొడవు ఉండొచ్చు?

యాంటెన్నా నుంచి రౌటర్‌కు సిగ్నల్ తెచ్చే కోయాక్సియల్ వైరుకైతే వీలైనంత తక్కువ. సన్నని ఆర్‌జీ 58 వైరు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు ఒక డెసిబెల్ తింటుంది. పది మీటర్లు దించితే పది డెసిబెల్స్ పోయాయి, యాంటెన్నాకు పెట్టిన డబ్బంతా వైరులోనే ఆవిరి. ఎల్‌ఎంఆర్ 400 రకం అయితే అదే పొడవుకు రెండు డెసిబెల్స్ పైచిలుకు. టీవీ డిష్ వైరు మిగిలింది కదా అని వాడకండి, అది 75 ఓములది, ఇది 50 ఓములది. అసలు మంచి పద్ధతి, రౌటర్‌నే వాన తగలని పెట్టెలో మేడ మీద పెట్టి, కిందికి లాన్ వైరు దించడం. దానికి 100 మీటర్ల దాకా అవకాశం ఉంది. ఔట్‌డోర్ రకం, పూర్తి రాగి వైరే కొనండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా వస్తుంది, పీఓఈ కరెంటును మోయలేక తంటాలు పెడుతుంది.

స్పీడు ఎప్పుడూ 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతోందా? వైరులో ఒక జత తెగి, పోర్టు గిగాబిట్ నుంచి 100కు దిగి ఉండవచ్చు. సిగ్నల్‌ను తప్పుపట్టకండి.

రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా మాత్రమే నెట్ మొరాయిస్తోంది.

ఆ సమయంలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ పొద్దుటిలాగే ఉంటే టవర్ మీద జనం ఎక్కువయ్యారు. మీ యాంటెన్నా దోషం లేదు, దాన్ని మార్చినా ఫలితం లేదు. వేరే బ్యాండ్‌కు (ఫ్రీక్వెన్సీ పట్టీకి) గానీ వేరే టవర్‌కు గానీ మారితే తేడా ఉండవచ్చు. 2300 మెగాహెర్ట్జ్‌లో రద్దీ ఉంటే 1800 ప్రయత్నించండి, రౌటర్‌లో బ్యాండ్ ఎంచుకునే వీలుంటే. 5జీలో 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వేగం ఇస్తుంది కానీ గోడను సరిగా దాటలేదు, అందుకే దాని పెట్టెను కిటికీ లోపల కాకుండా బయటే పెట్టాలి.

లింకు ఉన్నట్టుండి పూర్తిగా ఆగి, నిమిషం తర్వాత దానంతట అదే వస్తోంది.

5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానళ్లను రాడార్లతో పంచుకోవాలి. 5250 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5725 మెగాహెర్ట్జ్ వరకు ఉన్నవి అవి. రాడార్ లాంటి శబ్దం వినపడితే పరికరం ఆ ఛానల్ వదిలేసి, కొత్తది కూడా అలాంటిదే అయితే దానిలో 60 సెకన్లు విని గానీ మాట్లాడదు. వదిలిన ఛానల్‌కు అరగంట దాకా తిరిగి వెళ్లకూడదు. ఒక్కోసారి పక్కింటి పరికరం చేసే అలజడిని కూడా రాడార్ అనుకుంటుంది. పరికరం రాసుకునే లాగ్‌లో 'రాడార్' లేదా 'డీఎఫ్‌ఎస్' (రాడార్‌కు దారి వదిలే ఏర్పాటు) అని కనిపిస్తే 5725 పైనున్న ఛానల్‌కు మారండి. ఛానల్ వెడల్పు 80 మెగాహెర్ట్జ్ నుంచి 40కో 20కో తగ్గిస్తే స్పీడు తగ్గుతుంది, నిలకడ వస్తుంది. ఇంటి అవసరానికి ఆ బేరం మంచిదే.

ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్లు దొరుకుతున్నాయి. కొనొచ్చా?

వద్దు. మొబైల్ సిగ్నల్‌ను పెంచి మళ్లీ గాల్లోకి వదిలే బూస్టర్‌ను అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. అది టవర్ వినికిడినే పాడుచేసి చుట్టుపక్కల వీధులన్నింటికీ నెట్ చెడగొడుతుంది. మీ రౌటర్‌కు తగిలించే మామూలు యాంటెన్నా వేరు, దానికి కరెంటు ఉండదు, అది వినే దిక్కును మాత్రమే మారుస్తుంది.

తుఫాను, పిడుగుల కాలంలో ఏం జాగ్రత్త పడాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊళ్లో స్తంభాలు, చెట్లు, హోర్డింగులు ఏమయ్యాయో ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కరలేదు. గంటకు 180 కిలోమీటర్ల గాలిలో 60 సెంటీమీటర్ల డిష్ మీద పడే తోపు సుమారు 50 కిలోల బరువుతో సమానం. పొడవైన పైపు చివర ఆ బరువు పడితే కింది క్లాంపు పిట్టగోడ ఇటుకలతో సహా ఊడివస్తుంది. అందుకే స్తంభాన్ని పిట్టగోడకు కాకుండా కాంక్రీటు పిల్లర్‌కు బిగించండి, మూడు మీటర్లు దాటితే మూడువైపులా తీగలు లాగి కట్టండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజునే, గాలి మొదలవకముందే డిష్ దించి ఇంట్లో పెట్టుకోండి. దించేముందు పైపు మీద, క్లాంపు మీద పెయింట్‌తో ఒక గీత గీస్తే తిరిగి ఎక్కించడం పది నిమిషాల పని. మామూలు రోజుల్లోనూ గాలి వీచినప్పుడల్లా అంకె ఊగుతుంటే అది స్తంభం ఊగడమే.

స్తంభానికి ఎర్తింగ్ తప్పనిసరి. లాన్ వైరు ఇంట్లోకి వచ్చేచోట సర్జ్ ప్రొటెక్టర్ (ఉన్నట్టుండి ఎగసే కరెంటును ఆపేది) పెట్టి దాన్నీ ఎర్త్‌కు కలపండి. ఉరుము వినపడ్డాక మేడ ఎక్కకండి. ప్లగ్గు తీసేయండి, లాన్ వైరూ ఊడదీయండి. నెట్ ఒక సాయంత్రం లేకపోతే ఏమీ కాదు. కరెంటు తీగలకు దగ్గరగా పొడవాటి పైపు ఎత్తే పని ఒంటరిగా ఎప్పుడూ చేయకండి.

ఇవన్నీ చూశాక కూడా కుదరలేదు. కంపెనీవాళ్లతో ఎలా మాట్లాడాలి?

"నెట్ రావట్లేదండీ" అంటే "రీస్టార్ట్ చేయండి" అంటారు. దాని బదులు అంకెలు చెప్పండి: ఏ తేదీన, ఏ సమయంలో, ఆర్‌ఎస్‌ఆర్‌పీ ఎంత, ఎస్‌ఐఎన్‌ఆర్ ఎంత, సెల్ ఐడీ (పట్టుకున్న టవర్ సెల్ నంబరు) ఏది, వైరుతో పింగ్ ఎంత పోయింది. స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి, పరిష్కారం రాకపోతే ఆ నంబరుతోనే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి (అప్పీలు వినేవాళ్లకు) వెళ్లవచ్చు. టెక్నీషియన్ ఇంటికి వస్తే, ఆయన్ను రౌటర్ దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేయకుండా, మేడ మీదికి తీసుకెళ్లి కనెక్టర్ విప్పించి చూపించమనండి. తిరిగి టేపు చుట్టాకే కిందికి దిగండి.